అడిగే చెయ్యి ఎవరిది? – కరువు సీమలో యాచకులు, ముసాఫిర్లు

రంజాన్ నెల వచ్చిందంటే కర్నూలులోనూ, కడపలోనూ మసీదుల మెట్ల దగ్గర అడిగేవాళ్ళు బారులు తీరుతారు. వాళ్ళలో ఊరివాళ్ళు కొందరే. బస్సులోనో రైల్లోనో వచ్చి దిగినవాళ్ళు ఎక్కువ. ఇరవైయేడో రాత్రికి, ఈద్ నమాజుకు ఈ సంఖ్య ఇంకా పెరుగుతుంది. ప్రతి యేడూ అదే నెలలో మన కమిటీలలో ఒక చర్చ కూడా లేస్తుంది. "వీళ్ళు మన ఊరివాళ్ళు గాదు, ఊళ్ళో గరీబులకు చాలనిది బయటోళ్ళకెందుకు?" అని ఒకరంటారు. "మనిషి గట్టిగా ఉన్నాడు, కూలి చేసుకోరాదా?" అని మరొకరు. "అడిగినవాణ్ణి తోసివేయడం మన మతంలో ఉందా?" అని మూడో ఆయన. చర్చ తెగదు. చివరకు ఎవరికి తోచింది వారు చేసి ఇంటికి పోతాము.

ఈ చర్చ మనతో మొదలైంది గాదని మనవి చేయడానికే ఈ వ్యాసం. ఇవే ప్రశ్నలు ఈ సీమలోనే, నూటయాభై యేండ్లనాడు, పెద్దపెద్ద దొరలు వేసుకున్నారు. అప్పుడు అడిగే చెయ్యి మన తాతముత్తాతలది. వాళ్ళకు దొరికిన జవాబు ఏమిటో, దాని ఫలితం ఏమైందో తెలుసుకుంటే ఇప్పటి మన చర్చకు కొంత వెలుతురు వస్తుందని నా నమ్మకం.

కరువు సీమ

1800లో నిజాం ప్రభువు ఇంగ్లీషు కంపెనీకి అప్పగించిన జిల్లాలు గనుక మన ప్రాంతానికి దత్తమండలాలు అనే పేరు పడింది. కర్నూలు మాత్రం పఠాన్ నవాబుల కింద కప్పం కట్టుకుంటూ కొనసాగి 1839లో కంపెనీ చేతికి పోయింది. చివరి నవాబు గులాం రసూల్ ఖాన్‌ను తిరుచిరాపల్లికి పంపించినారు. 1928లో నంద్యాల సభలో చిలుకూరి నారాయణరావుగారు సూచించిన తరువాతనే "రాయలసీమ" అనే పేరు స్థిరపడింది. పేరు ఏదైనా ఆకాశం ఒక్కటే. నైరుతి మబ్బులు పడమటి కనుమలు దాటేసరికే తేలికవుతాయి. తూర్పు వాన కోస్తాను తడిపి మనదాకా పూర్తిగా రాదు. మంచి యేడులో కూడా ఆరేడు వందల మిల్లీమీటర్లు పడితే గొప్ప. ఆ పడేది కూడా అదను తప్పితే సేద్యగాడు కూలివాడవుతాడు, కూలివాడు ఊరు విడుస్తాడు, ఊరు విడిచినవాడు చెయ్యి చాపుతాడు. మన సీమలో యాచనకు ఇదే ప్రధానమైన దారి. సోమరితనం దగ్గర మొదలయ్యే దారి వేరే ఉండవచ్చు గానీ, అది సన్నని కాలిబాట.

ఈ సంగతి మన పల్లెల పెద్దలకు పుస్తకాలు చదవకుండానే తెలుసు. 1866 కరువులో కోయిలకుంట్ల ప్రాంతంలోని ఉయ్యాలవాడకు చెందిన బుడ్డా వెంగళరెడ్డిగారు గంజి కాయించి, అన్నం వండించి, వేలాదిమందికి పెట్టినారు. వచ్చినవాడిది ఏ ఊరు, ఏ కులం, ఏ మతం, ఒళ్ళు వంచగలడా లేదా అని ఆయన వాకిట విచారణ జరగలేదు. విక్టోరియా రాణి పేరుమీద ఆయనకు బంగారు పతకం వచ్చింది. పతకం సంగతి అటుంచండి. ఈనాటికీ సీమ పల్లెల్లో ఆయన మీద పాటలు కట్టి పాడుకుంటున్నారు. ఏ పన్నులు వసూలు చేసిన జమీందారు మీద, ఏ కలెక్టరు మీద జనం అంత ప్రేమగా పాడుకున్నారు?

ధాతు కరువు నేర్పిన పాఠం

ఆ తరువాత పదేండ్లకు ధాతు నామ సంవత్సరం వచ్చింది. 1876లో రెండు వానలూ తప్పినాయి. బళ్ళారి, కర్నూలు, కడప జిల్లాలు మాడిపోయినాయి. మద్రాసు నుంచి కడప, గుత్తి, ఆదోనిల మీదుగా రాయచూరుకు రైలు మార్గం 1871 నాటికే పడింది. ధాన్యం రైల్లో వచ్చింది కూడా. అయితే కొనేవాడి చేతిలో కాసు లేదు. కర్నూలుకు అప్పటికి రైలే లేదు. బండి లాగే ఎడ్లు మేత లేక చచ్చినాయి. జనం ఊళ్ళు విడిచి బాటలు పట్టినారు. ఆ యేడు చివరికి మద్రాసు నగరం వీధులు పల్లెల నుంచి వచ్చిన బికారులతో నిండిపోతే, పోలీసులు వాళ్ళను పోగుచేసి ఊరి చుట్టూ శిబిరాలలో పెట్టినారు.

అప్పుడు వైస్రాయి లిట్టన్ ప్రభువు సర్ రిచర్డ్ టెంపుల్ అనే అధికారిని కరువు జిల్లాల తనిఖీకి పంపినాడు. ఈయన కథ కొంచెం తెలుసుకోదగ్గది. 1874లో బీహారులో కరువు వస్తే ఇదే టెంపుల్ బర్మా నుంచి బియ్యం తెప్పించి ధారాళంగా పంచినాడు. చావులు బహు తక్కువ. అందుకు మెప్పు రావలసింది పోయి, "సర్కారు సొమ్ము తగలేసినాడు" అని చీవాట్లు తిన్నాడు. ఆ మాట పడినవాడు గనుక 1877 జనవరిలో మన వైపు వచ్చినప్పుడు చెయ్యి బిగించుకొని వచ్చినాడు. కరువు పనిలో మట్టి మోసే మగవాడికి దినానికి ఒక పౌను ధాన్యం, అంటే నేటి లెక్కలో 450 గ్రాములు, దానిపైన కాస్త చిల్లర చాలునన్నాడు. ఆడవాళ్ళకు, పిల్లలకు ఇంకా తక్కువ. దీనికే "టెంపుల్ కూలి" అనే చెడ్డపేరు నిలిచింది. మద్రాసు ప్రభుత్వంలో ఆరోగ్యశాఖ చూసే డాక్టర్ కార్నిష్ దీనికి ఎదురుతిరిగినాడు. ఎండలో రాళ్ళు కొట్టే మనిషికి పౌనున్నర ధాన్యమైనా, దానికి తోడు పప్పూ కూరా లేకుంటే బతకడని లెక్కలు వేసి చూపినాడు. కొన్ని నెలలకు కూలి పెంచక తప్పలేదు. ఈలోపల పోయినవాళ్ళు పోయినారు.

ఆ చిన్న కూలి వెనక ఒక పెద్ద అనుమానం ఉన్నది. "సులభంగా దొరికితే అక్కరలేనివాడు కూడా వస్తాడు" అన్నదే ఆ అనుమానం. ఇది ఇంగ్లండులో 1834 బీదల చట్టం నాటినుంచీ అక్కడి పెద్దల తలకెక్కిన ఆలోచన. సాయం అనేది ఎంత చేదుగా ఉంటే అంత మంచిది, నిజంగా ఆకలిగొన్నవాడే తింటాడు అని వాళ్ళ సిద్ధాంతం. అందుకే పని పెట్టే చోటు ఇంటికి పది మైళ్ళ అవతల ఉండాలన్నారు. అంత దూరం నడిచి వస్తేనే వాడి ఆకలి నిజమట! నడవలేనివాడి ఆకలి అబద్ధమా అని అడిగినవాళ్ళు తక్కువ.

ఫలితం జనాభా లెక్కల్లో కనిపిస్తుంది. కర్నూలు జిల్లాలో 1871లో తొమ్మిది లక్షలకు పైగా ఉన్న జనం 1881 నాటికి ఏడు లక్షల లోపుకు దిగిపోయినారు. నలుగురిలో ఒకరు లేరు. చచ్చినవాళ్ళెందరు, దేశాంతరం పోయి తిరిగి రానివాళ్ళెందరు అన్నది వేరు లెక్క. ఈనాడు కర్నూలు జిల్లాలో ఎవరు తమ వంశం లెక్కపెట్టుకున్నా, ఆ కరువులో చెయ్యి చాపి బతికిన ఒక ముత్తవ్వో, ముత్తాతో తగలకుండా ఉండరు. మోసగాళ్ళను పట్టుకోవాలని పెట్టిన పరీక్షలో ఎందరు మోసగాళ్ళు దొరికినారో ఏ పుస్తకమూ గొప్పగా చెప్పలేదు. చచ్చిన బీదవాళ్ళ సంగతి మాత్రం అన్ని పుస్తకాలూ చెబుతున్నాయి.

బాటసారి ఒక గుర్తు

ఇంత జరిగిన తరువాత సర్కారు కళ్ళు కొంత తెరిచింది. సర్ రిచర్డ్ స్ట్రాచీ అధ్యక్షతన కరువు కమిషన్ కూర్చుని 1880లో నివేదిక ఇచ్చింది. మద్రాసు రాష్ట్రానికి 1883లో కరువు నిబంధనావళి వచ్చింది. ఒళ్ళు వంగగలవాడికి పని, వంగలేనివాడికి పనితో నిమిత్తం లేకుండా సాయం అన్నది అందులోని మూలసూత్రం. మన విషయానికి పనికివచ్చే అంశం మరొకటి ఉంది. కరువు రాబోతున్నదని కలెక్టరు ఎలా పసిగట్టాలి? ధాన్యం ధర పెరగడం, షావుకారు అప్పివ్వకపోవడం, చిల్లర దొంగతనాలు హెచ్చడం, ఇళ్ళల్లో బిచ్చం పెట్టడం తగ్గిపోవడం, జనం గమ్యం లేకుండా బాటల వెంట తిరగడం – ఇవి గుర్తులని పెద్దలు వ్రాసుకున్నారు.

గమనించండి. ఊళ్ళోకి కొత్త బిచ్చగాళ్ళు వచ్చినారంటే వాళ్ళు దిగివచ్చిన చోట ఏదో తప్పిందని అర్థం. వానమాపకం నీళ్ళను కొలిచినట్టు, మసీదు మెట్లు ఆకలిని కొలుస్తాయి. ఆ కొలతను చదవడం మాని, కొలపాత్రను పగులగొడితే వాన పడుతుందా?

అయితే అదే సర్కారు మరొక చేత్తో వేరే పని చేసింది. 1871లో నేరస్థ జాతుల చట్టం తెచ్చింది. 1911లో దాన్ని మరింత బిగించి మద్రాసు రాష్ట్రంలో కూడా అమలు చేసింది. ఎరుకల, ఒడ్డె మొదలైన తిరుగుడు జాతుల జనాన్ని కంచెలు వేసిన సెటిల్‌మెంట్లలో పెట్టినారు. గుంటూరు వైపు స్టూవర్టుపురం ఒకటి, మన కర్నూలు జిల్లాలో సిద్ధాపురం ఒకటి. ఉప్పు, బుట్టలు, చాపలు మోసుకొని ఊరూరా అమ్ముకునేవాళ్ళు రైలు వచ్చి ఉప్పు వ్యాపారం పోగానే "దొంగలు" అయిపోయినారు. స్వాతంత్ర్యం వచ్చిన తరువాత, 1952లో గానీ దేశమంతటా ఆ ముద్ర చెరిగిపోలేదు. కాగితం మీద చెరిగింది సరే. ఊరి చివర గుడారం కనిపిస్తే మన కళ్ళల్లో ఆ ముద్ర ఇంకా ఉందా లేదా అన్నది ఎవరికి వారే చూసుకోవాలి.

యాచన మీద చట్టాలు కూడా ఈ తోవలోనివే. మద్రాసు రాష్ట్రం 1945లో యాచన నిషేధ చట్టం చేసింది. 1959లో బొంబాయి చేసిన చట్టం పాటలు పాడి, ఆటలాడి, జోస్యం చెప్పి అడుక్కోవడాన్ని కూడా నేరం చేసింది. బతికే ఆధారం కనిపించకుండా వీధుల్లో తిరగడమే ఒక తప్పుగా లెక్కించింది. మన ఆంధ్రప్రదేశ్ 1977లో తన యాచన నిషేధ చట్టం తెచ్చుకున్నది. 2017 నవంబరులో హైదరాబాదులో అంతర్జాతీయ సదస్సు జరిగి, అమెరికా అధ్యక్షుని కూతురు అతిథిగా వచ్చే సందర్భంలో నగరంలో రెండు నెలలపాటు యాచన నిషేధించి, బిచ్చగాళ్ళను చంచల్‌గూడ జైలు ఆవరణలోని ఆశ్రమానికి తరలించినారు. అతిథి వస్తే ఇల్లు ఊడ్చుకోవడం మర్యాదే. కానీ మనుషులు చెత్త గాదు గదా!

ఇటీవల న్యాయస్థానాలు వేరే మాట చెప్పినాయి. 2018 ఆగస్టులో ఢిల్లీ హైకోర్టు అక్కడ అమలులో ఉన్న బొంబాయి చట్టంలోని శిక్షల భాగాన్ని కొట్టివేసింది. బతకడానికి మరో దారి చూపలేని రాజ్యం, బతకడం కోసం అడిగినవాణ్ణి నేరస్థుడనడం న్యాయం గాదన్నది ఆ తీర్పు సారాంశం. 2021 జూలైలో, కరోనా కాలంలో బిచ్చగాళ్ళను వీధుల నుంచి తీసివేయాలని ఒకరు కోరితే, సుప్రీంకోర్టు దానికి ఒప్పుకోలేదు. పేదరికం వల్లనే మనుషులు వీధికెక్కుతారు, వాళ్ళకు టీకాలు వేయించండి, బతుకు చూపండి అనే దిక్కుగా మాట్లాడింది.

అడగడమే వృత్తిగా మిగిలినవాళ్ళు

ఇక "వీళ్ళకు ఇదే వృత్తి" అనే మాట. ఇందులో నిజం లేకపోలేదు. మన సమాజంలోనే తరతరాలుగా అడిగి బతికే ఫకీరు కుటుంబాలు ఉన్నాయి. ఒకప్పుడు వాళ్ళకొక స్థానం ఉండేది. నెమలీకల కట్టతో, సాంబ్రాణి ధూపంతో దుకాణం దుకాణం తిరిగే ఫకీరుసాబును హిందువులూ పిలిచి కాసు వేసేవారు. సహరీకి లేపడం, ఉర్సులలో పాడడం, దర్గా వాకిట దువా చేయడం వాళ్ళ పని. దాసరి, జంగం, బుడబుక్కలవాడు హిందూ ఊళ్ళలో ఎట్లాగో, వీళ్ళు మనలో అట్లాగు. అప్పుడు దాన్ని బిచ్చమనలేదు. పంట ఇంటికొచ్చినప్పుడు చాకలికీ, మంగలికీ కొలిచినట్టే వీళ్ళకూ ఒక చేటెడు కొలిచేవారు.

కళ్ళం పోయింది, చేట పోయింది, అలారం గడియారం వచ్చింది. వృత్తి పోయి చెయ్యి మాత్రం చాపినట్టే మిగిలింది. 2007లో ముస్లింలలోని వెనుకబడిన 14 తరగతులకు 4 శాతం రిజర్వేషన్ ఇస్తూ మన రాష్ట్రం చేసిన చట్టంలో ఫకీర్, ఘంటి ఫకీర్, తుర్క బుడ్‌బుడ్కీ, దర్వేష్, గారడీ సాయిబులు, ఎలుగుబంట్లను ఆడించేవాళ్ళు మొదలైన పేర్లు కనిపిస్తాయి. అడగడం వాళ్ళ నేరమని గాక వాళ్ళ వెనుకబాటుతనమని ప్రభుత్వం చట్టంలో వ్రాసింది. ఆ కుటుంబం నుంచి ఒక్క పిల్లవాడు ఆ సర్టిఫికెట్టుతో పాలిటెక్నిక్కులో చేరితే, మనం నూరేండ్లు వేసే చిల్లర కంటే అది పెద్ద ఖైరాతు. 1947లో డాక్టర్ అబ్దుల్ హఖ్ గారు కర్నూలులో ఉస్మానియా కాలేజీ స్థాపించినప్పుడు ఈ సంగతి తెలిసే స్థాపించి ఉంటారు. 2016లో ఆయన పేరుతో కర్నూలులో ఉర్దూ విశ్వవిద్యాలయం కూడా వచ్చింది. ఆ వాకిలి ఉన్న ఊళ్ళోనే ఫకీరు బిడ్డ బయట కూర్చుంటే తప్పు ఎవరిది?

బయటోళ్ళు ఎవరు?

"బయటోళ్ళు" అన్న మాట దగ్గర కొంచెం ఆగుదాము. కోసిగి, కౌతాళం, పెద్దకడుబూరు, మంత్రాలయం వైపు ఏ పల్లెకైనా వాన తప్పిన యేడు సంక్రాంతి తరువాత పోయి చూడండి. తలుపులకు తాళాలు, అరుగుల మీద ముసలివాళ్ళు. తక్కినవాళ్ళంతా సుగ్గికి పోయింటారు. గుంటూరు మిరప చేన్లకు, పత్తి చేన్లకు, హైదరాబాదు, బెంగళూరు మేడల పనులకు. పిల్లల చదువు చెడకుండా సర్కారు ఈ ప్రాంతంలో సీజనల్ హాస్టళ్ళు పెట్టవలసి వచ్చింది. "యాడికి పోతావుండారు అవ్వా?" అంటే "బతకను పోతావుండాము నాయనా" అనే జవాబు మనందరికీ తెలిసినదే. ఆ అవ్వ బెంగళూరు బస్టాండులో మూట మీద తల పెట్టి పడుకున్నప్పుడు అక్కడివాళ్ళ కంటికి ఆమె ఎవరు? బయటిది. ఇల్లు లేనిది. బహుశా బిచ్చగత్తె.

2020 మార్చిలో లాక్‌డౌన్ పెట్టినప్పుడు ఇదే జనం ఉన్నచోటనే చిక్కుకుపోయినారు. నిన్నటిదాకా చెమటోడ్చి సంపాదించినవాడు మరునాడు అన్నం పొట్లం కోసం వరుసలో నిలబడినాడు. కూలివాడికీ బిచ్చగాడికీ మధ్య దూరం ఎంతయ్యా అంటే, ఆగిపోయిన పని నాలుగు దినాలంత.

పాత కడప జిల్లా సంగతి ఇంకో రకం. రాజంపేట, రాయచోటి ప్రాంతాల నుంచి వేలాదిమంది, ముఖ్యంగా మన ఆడబిడ్డలు, కువైటుకు పోయి ఇళ్ళల్లో పని చేస్తారు. యజమాని మంచివాడైతే సరే. కాకపోతే పాస్‌పోర్టు చేతిలో లేక, జీతం లేక, భారత రాయబార కార్యాలయం ఆశ్రయంలో తలదాచుకోవలసి వచ్చింది ఎందరికో. 2018లో అకామా చెల్లనివాళ్ళు జరిమానా లేకుండా వెళ్ళిపోవచ్చని కువైటు ప్రభుత్వం ప్రకటించినప్పుడు మన జిల్లావాళ్ళు పెద్దసంఖ్యలో తిరిగి వచ్చినారు. దానికి మన పత్రికలు పెట్టిన పేరు ఏమిటో గుర్తుందా? క్షమాభిక్ష. మన కష్టజీవులు అక్కడ ఏ తప్పు చేసినారని క్షమ? ఏమి అడుక్కున్నారని భిక్ష? పరాయి దేశంలో కాగితం లేనివాడైతే చాలు, మాటలు అట్లాగే పడతాయి.

ఇంట్లో కూర్చున్నవాడికి కూడా పూచీ లేదు. 2009 అక్టోబరు 2న తుంగభద్ర, హంద్రీ పొంగి కర్నూలు పాతబస్తీ మునిగినప్పుడు, సొంత మిద్దెలున్నవాళ్ళు తెల్లారేసరికి కట్టుబట్టలతో నిలబడినారు. రెండు చేతులా దానం చేసిన షావుకారు కూడా ఆ దినం మంచినీళ్ళ పాకెట్టు కోసం చెయ్యి చాపినాడు. 2021 నవంబరు 19న అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగి చెయ్యేరు ఊళ్ళను ఊడ్చినప్పుడు కడప జిల్లాలో అదే జరిగింది. ఆ దినాల్లో సాయం తెచ్చినవాళ్ళు "మీది ఏ ఊరు?" అని అడిగి పొట్లం ఇచ్చి ఉంటే మనకెట్లుండేది?

ఇంకో సంగతి చెప్పి ముందుకు పోతాను. ఉగాదికి ముందు కన్నడ దేశం నుంచి వేలాది భక్తులు శ్రీశైలానికి నడిచి పోతారు. వాళ్ళ చేతిలో మూట, కాళ్ళకు బొబ్బలు, దారి పొడుగునా తిండి అడగకుండానే దొరుకుతుంది. మన కర్నూలు జిల్లా పల్లెలు వాళ్ళకు మజ్జిగ పోసి, అన్నం పెట్టి, కాళ్ళకు మందు రాసి పంపుతాయి. బాటన పోయే పరాయివాణ్ణి ఆదరించడం ఈ సీమకు రాదని ఎవరనగలరు? బాటసారికి ఒక గౌరవమైన పేరుంటే ఆదరిస్తాము. పేరు లేకుంటే అనుమానిస్తాము. అంతే తేడా.

ధర్మం చెప్పే పేరు

ఆ గౌరవమైన పేరు మన ధర్మంలో పద్నాలుగు వందల యేండ్ల క్రితమే పెట్టి ఉన్నది. జకాత్ ఎవరికి చెల్లుతుందో చెప్పిన ఎనిమిది పద్దులలో ఫఖీరు, మిస్కీను, అప్పులపాలైనవాడు మొదలైనవారితో బాటు దారిలో చిక్కుకున్న ముసాఫిరుకు వేరే పద్దు ఉన్నది. ఇంటి దగ్గర కలిగినవాడైనా సరే, ఇప్పుడు ఇక్కడ చేతిలో లేకుంటే వాడికి హక్కు ఉన్నదని ఉలమాలు చెబుతారు. ఊరి జకాత్ ముందు ఊరి గరీబులకు అన్న మాట కూడా నిజమే. "తనకు మాలిన ధర్మం మొదలు చెడ్డ బేరం" అనే సామెత ఊరికే పుట్టలేదు. అయితే ముసాఫిరు ఊరి బయటివాడు గాదు. ఊళ్ళో చిక్కుకున్నవాడు గనుకనే వాడికి పద్దు వేసినారు.

ఆ పూటకు తిండి ఉన్నవాడు చెయ్యి చాపడం తగదని కూడా మన ఫిఖ్‌హ్ గట్టిగానే చెబుతుంది. అది అడిగేవాడి మీది బాధ్యత. వాడు అల్లాహ్‌కు చెప్పుకుంటాడు. ఇచ్చేవాడి మీది బాధ్యత వేరు: కసరకూడదు, ఇచ్చి దెప్పకూడదు. సంపదలో అడిగేవాడికే గాక, సిగ్గుపడి అడగలేనివాడికి కూడా వాటా ఉందని ఖురాన్ చెబుతుంది. అడిగేవాణ్ణి విసుక్కునే మనం, అడగనివాణ్ణి వెదికి పోతున్నామా?

మనం చేయదగినది

దొంగ బిచ్చగాళ్ళు లేరని నేను అనను. అద్దె పిల్లలను ఎత్తుకొని అడిగేవాళ్ళు, అడిగిన డబ్బు సారాయికి పోసేవాళ్ళు ఉండవచ్చు. అందుకు మందు తలుపు మూయడం గాదు, తెలుసుకోవడం. సంఘ సభ్యుల ఆలోచనకు కొన్ని మాటలు మనవి చేస్తాను.

ఒకటి: రంజాన్‌లో మసీదు దగ్గర ఇద్దరు పెద్దలు ఒక చాప వేసుకొని కూర్చోవాలి. "ఏ ఊరయ్యా, ఏమి కష్టం వచ్చె?" అని అడగాలి. పరీక్ష పెట్టడానికి గాదు, దారి చూపడానికి. ఊరికి పోను బస్సు ఛార్జీ చాలినవాడు కొందరు, మందులు కావలసినవాడు కొందరు, ముసలి పింఛను రాయించుకోవడం తెలియనివాళ్ళు కొందరు. చిల్లర నాణెం ఈ ముగ్గురి కష్టమూ తీర్చదు.

రెండు: జకాత్ పద్దులలో ముసాఫిరు పద్దును వేరే వ్రాసి, యేడాదికి కొంత అట్టిపెట్టాలి. ఆస్పత్రికి వచ్చి వరండాలో పడుకునే పల్లె జనానికి అది అక్కరకొస్తుంది.

మూడు: లక్ష జనాభాకు ఒక రాత్రి బస ఉండాలని సుప్రీంకోర్టు 2010లో ఆదేశించింది. 2011 లెక్కల ప్రకారమే కర్నూలు నాలుగు లక్షలు, కడప మూడు లక్షలు దాటినాయి. ఆ బసలు ఎక్కడున్నాయి, దుప్పట్లున్నాయా, ఆడవాళ్ళకు వేరే గది ఉందా అని మన యువకులు పోయి చూసి రావాలి. లేనిచోట మునిసిపాలిటీని అడగాలి. అడగడం అప్పుడు మన వంతు.

నాలుగు: అడిగే పిల్లలకు డబ్బు వేయడం కంటే, 1098 నెంబరుకు ఫోను చేసి చెప్పడం మేలు. బడిలో వేయించేదాకా వెంట ఉండడం ఇంకా మేలు.

ఐదు: వలస పోయేవాళ్ళకు కాగితాల సాయం. 2019 ఆగస్టులో ఆంధ్ర, తెలంగాణల మధ్య ఒక రాష్ట్రం రేషన్ కార్డు మరో రాష్ట్రంలో చెల్లే ఏర్పాటు వచ్చింది. తరువాత దేశమంతటికీ విస్తరించింది. సుగ్గికి పోయే ఎందరికి ఈ సంగతి చెప్పేవాళ్ళున్నారు? బియ్యం దొరికినవాడు చెయ్యి చాపడు.

2011 జనాభా లెక్కల్లో దేశం మొత్తం మీద బిచ్చగాళ్ళు, దిక్కులేక తిరిగేవాళ్ళు నాలుగు లక్షల చిల్లర అని తేలింది. నూటపాతిక కోట్ల దగ్గరి దేశానికి ఇదేమంత మోయలేని భారం గాదు. 1877లో సర్ రిచర్డ్ టెంపుల్ తెలివితక్కువవాడై తప్పు చేయలేదు. మోసపోతానేమో అన్న భయం ఎక్కువై చేసినాడు. ఇదే మనిషి మూడేండ్ల ముందు బీహారులో చెయ్యి విప్పి లక్షల ప్రాణాలు నిలబెట్టినాడు. ఒక్క మనిషిలోనే ఆ రెండు చేతులూ ఉన్నాయి. మనలోనూ ఉన్నాయి. పది రూపాయలు మోసపోయినా మనకు పెద్దగా పోయేదేమీ లేదు. నిజంగా ఆకలిగొన్న ఒక్క ముసాఫిరును తిప్పి పంపితే మాత్రం, మన ముత్తాతను రెండోసారి బాటలో వదిలినట్టే.

అల్లాహ్ మనకు ఇచ్చే చెయ్యినీ, ఇచ్చేటప్పుడు చూసే కన్నునూ, కసరని నాలుకనూ ప్రసాదించుగాక. ఆమీన్.